అడిగితేనే

నవంబరు 4

ఒరేయ్ గుండూ,

మీ నాన్న మెట్ల మీద నుంచి పడ్డాడట. తుంటి ఎముక విరిగిందట. ఆసుపత్రి నుంచి ఇంటికి కూడా తెచ్చేశావట. ఈ సంగతులన్నీ నాకు ఎవరు చెప్పారో తెలుసా? మీ నాన్న శిష్యుడొకడు. కోటు చేతులు పొట్టి చేయించుకోవడానికి నా కొట్టుకొచ్చి, కొలతలిస్తూ ఇస్తూ చెప్పాడు, ఇవాళ మబ్బు పట్టిందన్నట్టు. నా చేతిలో గుండుసూది వాడికి గుచ్చుకుంది. కావాలనే గుచ్చానేమో కూడా, చెప్పలేను.

నువ్వు ఆయన కొడుకువి. నేను తోడబుట్టినదాన్ని. ఒక్క ముక్క రాయడానికి నీకేం అడ్డొచ్చిందిరా? ఆ ఇంట్లో ఫోనైనా లేకపోయె. గంట మోగితే లేచి వెళ్ళాలి, అంటే ఎవడి ఆజ్ఞకో లేవడమే అని పీకించేశాడు మహానుభావుడు.

నేను వచ్చి చూసుకుంటాను. కానీ నా సంగతీ నీకు తెలుసు. కిందటిసారి బస్సులు మారి మారి, చెప్పకుండా వచ్చానని, తలుపు సగం తీసి "నేను నిన్ను రమ్మనలేదే" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. సంచీ కింద పెట్టకుండానే వెనక్కి తిరిగాను. నాకూ ఆ రక్తమే ఉంది. పిలిస్తే తప్ప ఆ గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాను. అందుకని ఆయన చేత ఒక్క మాట అనిపించు. "దాన్ని రమ్మను" అంటే చాలు, మిషను కింది గుడ్డ మిషను కిందే వదిలేసి వస్తాను.

నువ్వు సరిగ్గా తింటున్నావా? ప్రెస్సులో ఆ సన్న అక్షరాలు దిద్దీ దిద్దీ కళ్ళు గుంటలు పడి ఉంటాయి.

మీ అత్తయ్య

నవంబరు 11

అత్తయ్యా,

నీ ఉత్తరం అందింది. నీకు రాయమని నాన్న అనలేదు. వద్దనీ అనలేదు. ఒక మనిషి ఒంటి సంగతి ఆ మనిషిదే కదా అని ఊరుకున్నాను. నువ్వు అడిగావు కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను.

ఆయన ఇక నడవరు. డాక్టరు ఆ మాట నాతో చెప్పబోతే నాన్న ఆపి, "ఎముక నాది, నాతో చెప్పు" అన్నారు. ఇంటికొచ్చిన రోజే నాతో ఒప్పందం చేసుకున్నారు. రెండు పూటలా భోజనం, కూజా నిండా నీళ్ళు, పొద్దున ఒకసారీ సాయంత్రం ఒకసారీ ఒళ్ళు తుడవడం, పక్క శుభ్రం చేయడం. బదులుగా ఆయన పోయాక పుస్తకాల మీద హక్కు నాది. ఇంతకు మించి ఏదైనా సరే, అడిగితేనే. నాకు ఒప్పుకోవాలని ఉంటే ఒప్పుకుంటాను, లేకపోతే లేదు. ఇద్దరం సరేనన్నాం. చేతులు కలుపుకున్నాం. మా ఇద్దరి మధ్యా అంత హాయిగా గడిచిన పూట నాకు ఇంకోటి గుర్తు లేదు.

నువ్వు వస్తానన్న సంగతి ఆయనకి చెప్పాను. విన్నారు. ఏమీ అనలేదు.

గది నీకు తెలిసిందే. మంచం వీధివైపు కిటికీ కింద వేశాను. వచ్చిన రోజు ఉక్కగా ఉండి, కిటికీ తెరవమన్నారు. తెరిచాను. కింద వాటాలో గడియారాలు బాగుచేసే ఆయన ఉన్నారు. గంటకోసారి అన్నీ ఒకేసారి మోగితే నాన్న మొహం చిట్లిస్తారు. ఎవడు ఏ టైముకి మోగాలో వాడిష్టం కదా అంటారు. నవ్వొస్తుంది.

తింటున్నాను.

గుండు

నవంబరు 18

ఒరేయ్ గుండూ,

ఒప్పందమా? తండ్రీకొడుకులకి ఒప్పందమేమిట్రా, మీ మొహాలు తగలెయ్య! నీ ఉత్తరం చదివి కాసేపు నవ్వాను. తరవాత భయమేసింది. ఒళ్ళు తుడవడానికి బదులు పుస్తకాల మీద హక్కా? కోర్టు పక్షులు కూడా ఇంత పద్ధతిగా ఉండరు.

నువ్వు ఆయన రాసింది చదివావు, నేను ఆయన్ని చూశాను. బడిలో పంతులుద్యోగం వచ్చిన కొత్తల్లో హాజరు తీసుకోనన్నాడు. "వచ్చినవాడు వచ్చినట్టు వాడికే తెలుసు, నేను పలికించేదేమిటి" అన్నాడు. పిల్లలు పాపం కిటికీలోంచి దూకి పోయేవాళ్ళు, ఈయన ఖాళీ బల్లలకి పాఠం చెప్పేవాడు. ఉద్యోగం ఊడింది. తరవాత ఒకసారి కోర్టులో జడ్జి వస్తే లేచి నిలబడనన్నాడని జైల్లో వేశారు. పూచీకత్తు రాసిస్తే వదులుతామన్నారు. ఒక మనిషికి ఇంకో మనిషి పూచీ ఏమిటని, రాయకుండా ఉన్నన్నాళ్ళూ ఉండి బయటికొచ్చాడు. వస్తూనే ఆ లావుపాటి పుస్తకం రాశాడు. ప్రభుత్వం వద్దు, పన్ను వద్దు, ఒప్పుకోని బాధ్యత ఏదీ మనిషికి లేదు, కన్నవాళ్ళకి కూడా లేదు. కుర్రకారు నెత్తిన పెట్టుకున్నారు. నా పెళ్ళికి వచ్చి సాక్షి సంతకం పెట్టనన్నాడు. "వీళ్ళిద్దరూ ఒప్పుకున్నారో లేదో నాకెలా తెలుస్తుంది, నేను చూశానంతే" అన్నాడు. మీ అత్తింటివాళ్ళు నన్ను చాలాకాలం దాంతోనే దెప్పారు. అంటే మా అత్తింటివాళ్ళు. చూశావా, కోపంలో ఎవరి అత్తో కూడా తెలియడం లేదు.

మీ అమ్మ వెళ్ళిపోతానన్నప్పుడు అడ్డం పడలేదు సరికదా, పెట్టె బరువుగా ఉందని తలుపు బార్లా తీసి పట్టుకున్నాడు. నిన్ను మధ్యలో నిలబెట్టి "నీ ఇష్టం, ఎవరితో ఉంటావో చెప్పు" అన్నాడు. అప్పుడు నీకు చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా రాదు. నువ్వు తింటున్న పళ్ళెం ఇక్కడుందని ఇక్కడే ఉంటానన్నావు. అది నీ నిర్ణయమని అందరికీ గొప్పగా చెప్పుకున్నాడు.

సరేలే. ఇక్కడ చలి మొదలైంది, అక్కడ ఇంకా ఎక్కువ ఉంటుంది. కొట్టులో మిగిలిన ఉన్ని ముక్కలన్నీ కలిపి బొంత కుడుతున్నాను. లోపల దూది మందంగా పెట్టాను. రేపు పార్సిలు వేస్తాను. పైన మంచి గుడ్డతో చుట్టి కుట్టేస్తాను, దారిలో తడవకుండా.

ఆ కిటికీ మూసెయ్. ఉక్క పోయి ఎన్నాళ్ళయిందో!

మీ అత్తయ్య

నవంబరు 27

అత్తయ్యా,

పార్సిలు అందింది. నాన్న మంచం మీదే ఉంది, కాళ్ళ దగ్గర. కుట్టు చాలా బాగుంది.

కిటికీ గురించి రాశావు. తెరవమన్నది ఆయన.

మొన్న శిష్యులొచ్చారు. నేల మీద కూర్చుని ఏవేవో అడిగారు. నాన్న మాట కాస్త వణికింది గానీ తర్కం వణకలేదు. "పెట్టే చెయ్యే మొదటి ప్రభుత్వం" అన్న అధ్యాయం మళ్ళీ వివరించి చెప్పారు. అడక్కుండా నీకు మేలు చేసేవాడు, రేపు అడక్కుండా కీడు చేసే హక్కు కూడా సంపాదించుకుంటాడు అని. పెదాలు నీలంగా ఉన్నాయి. వెళ్తూ వెళ్తూ ఒకాయన మెట్ల మీద కళ్ళు తుడుచుకుని, "ఎంత నిరాడంబరం! ఇంత చలిలో ఒంటి మీద పల్చటి దుప్పటి!" అన్నాడు. వాళ్ళందరికీ మఫ్లర్లున్నాయి.

ప్రెస్సులో పని ఎక్కువగా ఉంది. ఆయన పుస్తకం కొత్త ముద్రణ వేస్తున్నారు. ప్రూఫులు నా దగ్గరికే వచ్చాయి.

గుండు

డిసెంబరు 5

నా బంగారు గుండూ,

మీ నాన్న నా బొంత కప్పుకున్నాడన్న మాట చదివి కొట్టులో అందరికీ వినిపించాను. కాళ్ళ దగ్గరే అన్నావు, పోనీ, కాళ్ళు వెచ్చగా ఉంటే ఒళ్ళంతా వెచ్చగా ఉంటుంది. ఆయన నా చేతిది ఏదీ ఒంటి మీద వేసుకున్నది లేదు. ఒకసారి చొక్కా కుట్టి ఇస్తే "నేను అడిగానా" అని కొక్కేనికే వదిలేశాడు. అది చిమటలు తినేసింది. ముసలితనం ఎలాంటివాడి మెడనైనా వంచుతుంది, సంతోషం.

అందుకే ఈ కవరులోనే ఆయనకీ ఒక చీటీ పెట్టాను. కళ్ళజోడు పగిలిందన్నాడు ఆ శిష్యుడు, నువ్వు చదివి వినిపించు. పెద్దగా ఏమీ లేదు. ఎలా ఉన్నావు, నన్ను రమ్మంటావా అని. ఇద్దరం ముసలివాళ్ళమయ్యాం, ఇంకెన్నాళ్ళు ఈ పంతాలు? బొంతకి ఒప్పుకున్నవాడు మనిషికి ఒప్పుకోడా!

ఉన్ని మేజోళ్ళు కూడా అల్లనా? కాలి కొలత పంపు. ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ ఉంటాయి ఆయనకి, రెండూ కొలిచి చూడు.

మీ అత్తయ్య

డిసెంబరు 12

అత్తయ్యా,

నువ్వు పొరపడ్డావు. తప్పు నాదే, వివరంగా రాయాల్సింది. మంచం మీద ఉన్నది పార్సిలు. పైగుడ్డ కుట్లు ఎవరూ విప్పలేదు. పార్సిలు మీద పేరు నాన్నది. విప్పమని ఆయన అడగలేదు. అందులో ఏముందో నీ ఉత్తరంలో చదివాను, కానీ నాన్న "అదేమిటి" అని అడగలేదు కాబట్టి చెప్పలేదు. నీ చీటీ కూడా మంచం పక్కన బల్ల మీద పెట్టాను. చదవమని అడగలేదు.

దగ్గు పట్టుకుంది. పొద్దున ఒళ్ళు తుడిచేటప్పుడు వేడిగా తగులుతున్నారు. డాక్టర్ని పిలవమని అడగలేదు. ఒప్పందంలో ఉన్నవన్నీ వేళకి చేస్తున్నాను. ఒక్కటీ తప్పలేదు.

నేను కసాయివాణ్ణని నువ్వు అనుకుంటావు. ఒక సంగతి చెప్పనా? నేను బళ్ళో ఉన్నప్పుడు ఒకరోజు వాన. ఇంటికొచ్చేసరికి తలుపు వేసి ఉంది. గడియ లేదు, తోస్తే వచ్చేదే. కానీ నాన్న గదిలో ఎవరితోనో మాట్లాడుతున్నారు. పిలవని గదిలోకి పోకూడదు కదా. బయటే నిలబడ్డాను. ఆయన కిటికీలోంచి నన్ను చూశారు. నేనూ ఆయన్ని చూశాను. ఆయన అడగలేదు, నేనూ అడగలేదు. చీకటి పడేదాకా వాన తగ్గలేదు. లోపలికొచ్చాక నా తల మీద చెయ్యి వేశారు. అదొక్కసారే. "నువ్వెవరికీ లొంగవురా" అన్నారు. ఆ సంగతి తరవాతి ముద్రణలో పుస్తకంలో చేర్చారు, "ఒక పిల్లవాడు" అని మొదలయ్యే పేరా. నిన్న ఆ పేజీ ప్రూఫు నా ముందుకొచ్చింది. అక్షరదోషాలు ఏమీ లేవు. ఆ పిల్లవాడికి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి చావు తప్పిందని మాత్రం అందులో లేదు. చేర్చమని నన్నెవరూ అడగలేదు.

నాకు ఆయన మీద కోపం ఉంది అత్తయ్యా. చాలా ఉంది. ప్రేమ కూడా ఉందేమో. రెండింటికీ కలిపి ఆయన చెప్పిందే చేస్తున్నాను.

కాలి కొలత ఆయన్ని అడిగి పంపమంటావా?

గుండు

డిసెంబరు 17

ఒరేయ్,

కుట్లు విప్పు. ఇప్పుడే, ఈ ఉత్తరం చేతిలో ఉండగానే. కత్తెర లేకపోతే పళ్ళతో కొరుకు. కిటికీ మూసెయ్. డాక్టర్ని ఈడ్చుకురా. ఇది సలహా కాదు, బతిమాలుకోవడం కాదు, ఆజ్ఞ. నీకంటే పెద్దదాన్ని, నిన్ను వేలు పట్టుకుని తిప్పినదాన్ని, నా ఆజ్ఞ. మీ నాన్న సిద్ధాంతం గంగలో కలవనీ.

నీకు వానలో ఏం జరిగిందో నాకు తెలియదురా. తెలిస్తే ఆ రోజే వచ్చి నిన్ను ఎత్తుకుపోయేదాన్ని, అడక్కుండా. ఆయన చేసింది పాపం. దానికి ఆయన్ని తిట్టు, కేకలెయ్, ఆ పుస్తకాలన్నీ మెట్ల మీద నుంచి కిందికి విసిరెయ్, నేను చప్పట్లు కొడతాను. కానీ చలికి ఒక మనిషి వణుకుతూంటే పక్కన కూర్చుని చూడకు. అది పగ తీర్చుకోవడం కూడా కాదు, ఏమిటో నాకు పేరు తెలియదు.

పిలిచినా పిలవకపోయినా బయలుదేరుతున్నాను. ఒట్టూ లేదు గిట్టూ లేదు. స్కూలు యూనిఫారాలు ఒప్పుకున్నాను, అవి ఇంకొకళ్ళకి అప్పజెప్పి, దొరికిన మొదటి బండెక్కుతాను. అందాకా ఆయన్ని బతికించు.

మీ అత్తయ్య

డిసెంబరు 20

అత్తయ్యా,

నీ ఉత్తరం ఇవాళ పొద్దున అందింది. నాన్న నిన్న సాయంత్రం పోయారు.

శిష్యులు వచ్చారు. అన్నీ వాళ్ళే చూసుకున్నారు. ఎవరో "చివరిదాకా ఎవరి దయకీ తల వంచలేదు" అన్నారు. అందరూ తలలూపారు. కొత్త ముద్రణకి ఆఖరి రోజుల గురించి నన్ను నాలుగు పేజీలు రాయమన్నారు. ఆలోచిస్తానన్నాను.

నువ్వు రావలసిన పని లేదు. వస్తే నీ ఇష్టం. పార్సిలు అలాగే ఉంది, నీ పేరు మీద తిప్పి పంపుతాను.

గుండు

డిసెంబరు 29

గుండూ,

నేను వచ్చాను. నీ ఉత్తరం నన్ను దాటి వెళ్ళినట్టుంది, ఆయన పోయాడని మెట్ల దగ్గరే తెలిసింది. నువ్వు ప్రెస్సుకి వెళ్ళావన్నారు. తండ్రి పోయిన వారంలోనే. తలుపు తోస్తే వచ్చింది. మంచం, కిటికీ, నా కుట్లు, అన్నీ చూశాను. కిటికీ అప్పటికీ తెరిచే ఉంది. నేనే మూశాను.

నీ కోసం ఆగలేదు. ఆగితే ఏం చేసేదాన్నో నాకే తెలియదు. తిరిగొచ్చి ఇన్నాళ్ళూ ఒక ఉత్తరం రాస్తున్నాను, చింపుతున్నాను.

కింద గడియారాలాయన నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. మంచివాడు. చేతులు నలుపుకుంటూ ఒక మాట చెప్పాడు. ఆయన పోయిన రోజు మధ్యాహ్నం పైనుంచి మీ నాన్న గొంతు వినపడిందట. ఏదో అడుగుతున్నట్టుందట. పైకి వెళ్దామని మెట్టు కూడా ఎక్కాడట. కానీ పిలవకుండా గదిలోకి రావద్దని మీ నాన్న ఆయనకి ఎప్పుడో గట్టిగా చెప్పాడట. పైగా కొడుకు ఇంట్లోనే ఉన్నాడు కదా అనుకున్నాడట.

నువ్వు నాకెప్పుడూ అబద్ధం చెప్పలేదు. అడిగినదానికే చెబుతావు, అంతే. ఇప్పుడు అడుగుతున్నాను. ఆ మధ్యాహ్నం నువ్వు ఇంట్లో ఉన్నావా? మీ నాన్న అడిగాడా, అడగలేదా?

అత్తయ్య

జనవరి 4

అత్తయ్యా,

ఉన్నాను. అడిగారు.

పక్క గదిలో ప్రూఫులు దిద్దుతున్నాను. "ఒరేయ్, చలేస్తోందిరా. ఏమైనా కప్పు" అన్నారు. గొంతు బొంగురుపోయి ఉంది, చాలా చిన్నగా వచ్చింది. పెన్సిలు కింద పెట్టి గుమ్మం దాకా వెళ్ళాను. మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకోవాలని చూస్తున్నారు, తుంటి వల్ల కుదరడం లేదు. నా వైపు చూసి మళ్ళీ అన్నారు, "ఏమైనా కప్పరా."

నేను పుట్టాక ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. ఒప్పందంలోవీ, కిటికీ తెరవమన్నదీ అడగడం కాదు కదా, చెప్పడమే. నాకు ఏడుపొచ్చింది. పార్సిలు విప్పేద్దామని చెయ్యి కూడా చాచాను. కానీ ఇన్నేళ్ళ తరవాత విన్నది ఇంకొక్కసారి వినాలనిపించింది. కాస్త గట్టిగా వినాలనిపించింది. అందుకని అన్నాను, "వినపడలేదు నాన్నా. ఇంకోసారి."

వినపడింది అత్తయ్యా.

ఆయన నన్ను చూసిన చూపు నాకు అర్థం కాలేదు. కోపం కాదు. తర్కం వెతుక్కుంటున్నట్టూ కాదు. చిన్నపిల్లలు కొట్టబోతే చూస్తారే, అలా చూశారు. మొహం గోడవైపు తిప్పుకున్నారు. నేను గుమ్మంలోనే ఉన్నాను. ఇంకోసారి అడుగుతారని, అడిగితే చాలని. గడియారాలు మోగాయి. మళ్ళీ మోగాయి. అడగలేదు.

ఆ చూపేమిటో నీకేమైనా తెలిస్తే చెప్పు. అడుగుతున్నాను.

గుండు

జనవరి 10

గుండూ,

అడిగావు కాబట్టి చెబుతున్నాను. దీని తరవాత నాకు రాయకు.

మా నాన్న, అంటే మీ తాత, జైలు వార్డరు. ఇంట్లో కూడా ఆ యూనిఫారం విప్పేవాడు కాదు. పళ్ళేలు చేతిలో పట్టుకుని మేమిద్దరం ఆయన కుర్చీ ముందు నిలబడాలి. "నాన్నగారూ, ఆకలేస్తోంది, అన్నం పెట్టండి" అని అడగాలి. నాకు సిగ్గూ ఎగ్గూ లేదు, అరిచి చెప్పి పెట్టించుకుని తినేసేదాన్ని. అన్నయ్య గొంతు పెగిలేది కాదు. మా నాన్న చెవి మీద చెయ్యి పెట్టుకుని, "వినపడలేదు. ఇంకోసారి" అనేవాడు. వినపడేది ఆయనకి. అన్నయ్య మళ్ళీ అడిగేవాడు. "ఇంకోసారి." అప్పటికి అన్నయ్య పళ్ళెం చేతిలో గడగడలాడుతూ ఉండేది, ఆ చప్పుడుకి మా నాన్న నవ్వేవాడు. ఒకరోజు అన్నయ్య పళ్ళెం ఆయన కాళ్ళ దగ్గర పెట్టేసి ఇంట్లోంచి వెళ్ళిపోయాడు. మీసాలు కూడా రాలేదు అప్పటికి. ఆ తరవాత ఎవర్నీ ఏదీ అడగలేదు. ఆ లావు పుస్తకంలో ఎన్ని అధ్యాయాలున్నా నాకు మాత్రం అందులో అదొక్కటే కనిపిస్తుంది.

ఆ సంగతి నీకెవరూ చెప్పలేదు. నేనైనా చెప్పి ఉండాల్సింది, ఇప్పుడు అనుకుని ఏం లాభం. జీవితమంతా పారిపోయి పారిపోయి, ఆఖరికి నోరు తెరిచి అడిగితే, గుమ్మంలో ఎవరు నిలబడి ఉన్నారో మీ నాన్నకి కనిపించింది.

మా నాన్న దుర్మార్గుడు. ఆయనంత దుర్మార్గుణ్ణి నేను చూడలేదనుకునేదాన్ని. కానీ ఆయన కూడా మూడోసారికి అన్నం పెట్టేవాడురా.

అత్తయ్య